మనిషి పోయిన ఇంటివాళ్లు కేసును ఎలా నిలబెట్టుకోవాలి

2001 ఆగస్టులో పంచాయతీ ఎన్నికల ఓట్లు లెక్కపెట్టిన రాత్రి మా ఆయనను చంపారు. పల్నాడులో గురజాల వైపు మా ఊరు. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు, కానీ ఏ ఇల్లు ఏ పార్టీదో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన ఒక వార్డు అభ్యర్థి తరఫున పోలింగు కేంద్రంలో ఏజెంటుగా కూర్చున్నారు. ఆయన చేసిన రాజకీయమంతా ఆ ఒక్క పూట కూర్చోవడమే. అప్పటికి మా అమ్మాయికి అయిదేళ్లు. 2008లో కోర్టు నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది.

ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. పట్నం బజారు దగ్గర ఒక దుకాణంలో జాకెట్లు కుడతాను. పల్నాడు నుంచి, బాపట్ల వైపు నుంచి, బెజవాడ నుంచి మాలాంటి ఇళ్ల ఆడవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి చేరుతుంది, వాళ్లు మరొకరిని వెంటబెట్టుకొస్తారు. నేను వకీలును కాను. పదో తరగతి చదివాను. ఇన్నేళ్లు కోర్టు వరండాల్లో నిలబడి నేర్చుకున్నది, మా అమ్మాయి చట్టం పుస్తకాల్లో చదివి వినిపించింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. వకీలు దగ్గరికి వెళ్లే ముందు ఇది చదివితే ఆయనను ఏమేమి అడగాలో మీకు తెలుస్తుంది.

మా కేసు ఓడిపోవడానికి నాకు తెలిసి రెండు కారణాలు. అది పార్టీ కేసు అనుకుని మేము పక్కకు జరిగాం. ఫిర్యాదులో చూడనివాళ్ల పేర్లు రాయనిచ్చాం. ఈ రెండూ మీ ఇంట్లో జరగకూడదని నా ఆరాటం.

ఫిర్యాదులో పేర్లు

ఆ రాత్రి మా మామగారు చూసింది ముగ్గురిని. అరుగు మీద పడుకున్న మనిషి కేక విని లేచి, వీధి దీపం వెలుగులో ముగ్గురి ముఖాలు గుర్తుపట్టారు. తెల్లవారే లోపల మండలం నుంచి పెద్దలు వచ్చారు. ఫిర్యాదు వాళ్లే రాశారు. మామగారు వేలిముద్ర వేశారు. ఆ కాగితంలో పంతొమ్మిది పేర్లు ఉన్నాయి. ఎదుటి వర్గం పెద్ద, ఆయన కొడుకులు, తమ్ముడు, బావమరిది, ఆ రోజు ఊళ్లోనే లేని ఒక మాస్టారు. "ఇదే అదను, ఒక్కరినీ వదలకూడదు" అన్నారు. నేను శవం పక్కన కూర్చుని ఉన్నాను. విన్నాను. కాదనలేదు.

అయిదేళ్ల తరువాత బోనులో మామగారిని ఎదుటి వకీలు అడిగింది ఒకటే. పంతొమ్మిది మంది ఎవరెవరు ఎక్కడెక్కడ నిలబడ్డారు, ఎవరి చేతిలో ఏ ఆయుధం ఉంది? ఆయన నాలుగో పేరు దగ్గర ఆగిపోయారు. మాస్టారు ఆ రోజు వేరే మండలంలో ఎన్నికల విధుల్లో ఉన్నట్టు రిజిస్టరు తెచ్చి చూపించారు. ఒక అబద్ధం బయటపడిన తరువాత నిజంగా చూసిన ముగ్గురి గురించి చెప్పిన మాటకూ విలువ పోయింది. తీర్పులో ఆ సంగతే రాశారు. మా మామగారు ఆ తరువాత రెండేళ్లు బతికారు. "నేను చూసింది ముగ్గురినే అమ్మా" అని చివరి దాకా నాతో చెబుతూనే ఉన్నారు.

అందుకని చూసినవాళ్ల పేర్లే రాయించండి. ముఖం చూశారు కానీ పేరు తెలియదంటే పేరు తెలియదనే రాయించండి. మనిషి ఎత్తు, చొక్కా రంగు, గొంతు, ఏ దిక్కుకు పారిపోయాడన్నది రాయించండి. వెనక ఉండి చేయించింది ఫలానావాడని మీకు అనుమానముంటే దానిని అనుమానమనే చెప్పండి, కంటితో చూసినట్టు చెప్పకండి. రాసిన కాగితాన్ని సంతకానికి ముందు మీ ఇంట్లో చదువుకున్న పిల్ల చేత గట్టిగా చదివించుకోండి. తెల్ల కాగితం మీద సంతకం ఎవరడిగినా పెట్టవద్దు. తప్పు లేనివాణ్ణి జైల్లో పెట్టించడం పాపమన్నది నా నమ్మకం. ఆ నమ్మకం లేనివాళ్లు కూడా కేసు నిలబడాలంటే చేయవలసింది ఇదే.

సమయం, స్థలం కూడా అంతే జాగ్రత్తగా చెప్పాలి. మా పక్కనే ఉన్న చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపి, శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. ఆ కుటుంబాలు చనిపోయినవాళ్లను ఊరి నడిబొడ్డునే పూడ్చి, కోర్టు మా ఊరికే రావాలని పట్టుబట్టాయి. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007 జూలైలో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టేసింది. ఎవరు ఏ సమయంలో, ఎక్కడ, ఎవరి చేతుల్లో చనిపోయారన్నది రుజువు కాలేదని కారణం చెప్పింది. ఆ తరువాత విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అంత పోరాడిన ఊరికే ఆ దెబ్బ తగిలింది. గడియారం చూసినవాళ్లు ఎవరు, ఆ సమయానికి కరెంటు ఉందా, సంఘటన జరిగిన చోటికి ఇంటి గుమ్మం ఎన్ని అడుగులు అన్నవి జ్ఞాపకం చెదరక ముందే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

నాయకుల సాయం తీసుకోండి, ఫైలు మాత్రం ఇవ్వకండి

మొదటి పది రోజులు మీ ఇంటి ముందు కార్లు ఆగుతాయి. చెక్కు ఇస్తారు, తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. పిల్లలను చదివిస్తామంటారు, చదివించమనండి. వకీలును మేమే పెడతామంటారు. అక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ వకీలు ఫోను నంబరు మీ దగ్గర ఉందా? కేసు వాయిదా ఎప్పుడో ఆయన మీకు చెబుతారా, నాయకుడికి చెబుతారా? మా వకీలును నేను మొదటిసారి చూసింది సాక్ష్యం చెప్పే రోజున.

ప్రభుత్వం మారుతుంది, నాయకుడు పార్టీ మారతాడు, రెండు వర్గాలకూ పెళ్లి సంబంధం కుదురుతుంది. మా ఊళ్లో ఇవన్నీ జరిగాయి. అలాంటప్పుడు రాజీ బల్ల ముందు మొదట పెట్టేది మీ కేసునే. హత్య కేసును చట్టప్రకారం రాజీ చేసుకోవడం కుదరదు. అందుకని ఏమి చేస్తారంటే సాక్షులను ఎదురు తిప్పుతారు, లేదా ప్రభుత్వం చేత ప్రాసిక్యూషన్ ఉపసంహరింపజేస్తారు. జీవో వచ్చింది, కేసు ఎత్తేశారు అని పేపర్లో చూసి చాలామంది ఏడ్చి ఊరుకుంటారు. జీవోతో కేసు పోదు. పబ్లిక్ ప్రాసిక్యూటరు కోర్టులో పిటిషను వేయాలి, జడ్జి ఒప్పుకోవాలి. క్రిమినల్ కేసు ఎలా నడపాలో చెప్పే పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, అందరూ బీఎన్ఎస్ఎస్ అంటున్నారు, అందులో 360వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెప్పింది. బాధిత కుటుంబానికి మాట్లాడే అవకాశం ఇవ్వకుండా ఉపసంహరణకు కోర్టు ఒప్పుకోకూడదు. నిందితుల్లో ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ ఉంటే హైకోర్టు అనుమతి లేకుండా కేసు ఎత్తేయకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. జీవో మాట చెవిన పడిన రోజే "మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దు" అని కోర్టులో పిటిషను వేయించండి.

కాగితాలు

మీ ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది కదా, అందులో ఒక సంచి ఈ కేసుకే పెట్టండి. ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, సంఘటన స్థలం పంచనామా, పటం, అభియోగపత్రం, సాక్షుల వాంగ్మూలాలు, బెయిలు ఉత్తర్వులు, తీర్పు. వీటికి తోడు మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, కులం సర్టిఫికెటు. అసలు కాగితం ఎవరికీ ఇవ్వవద్దు. వకీలుకైనా జిరాక్సే ఇవ్వండి.

ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి, ఆ రసీదు దాచండి. సోమవారం ఎస్పీ కార్యాలయంలో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇస్తే అర్జీ నంబరు అడిగి తీసుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు దగ్గర పిటిషను వేయవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల లోపు పోలీసులే మీకు తెలియజేయాలని కొత్త చట్టంలో ఉంది. అభియోగపత్రం, దానితో ఉన్న కాగితాలు నిందితుడికి ఇచ్చినట్టే, వకీలును పెట్టుకున్న బాధితులకు కూడా ఇవ్వాలని 230వ సెక్షన్ చెబుతోంది. మా రోజుల్లో ఈ హక్కు లేదు. మా ఇంటి మనిషి చావు గురించిన కాగితాలు ఆయనను చంపారన్నవాళ్ల చేతిలో ఉండేవి, మా చేతిలో ఉండేవి కావు.

పాత కేసులకు కొంచెం తిరగాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మా పాత గుంటూరు జిల్లా మూడు ముక్కలైంది. మాచర్ల, గురజాల, వినుకొండ, సత్తెనపల్లి వైపు స్టేషన్లు పల్నాడు జిల్లా కిందికి, నరసరావుపేటలో ఉండే ఎస్పీ కిందికి వెళ్లాయి. చుండూరు, రేపల్లె, బాపట్ల వైపువి బాపట్ల జిల్లా కిందికి వెళ్లాయి. అందుకని "ఇది మాది కాదు" అని ఒక కార్యాలయం ఇంకొక కార్యాలయానికి పంపుతుంది. క్రైం నంబరు, సంవత్సరం, స్టేషను పేరు, ఈ మూడూ మీ దగ్గర ఉంటే ఎక్కడైనా వెతకమని అడగవచ్చు. ఇవి కూడా తెలియకపోతే పోస్టుమార్టం జరిగిన ఆసుపత్రి రిజిస్టరులో ఉంటాయి. తేదీ, చనిపోయిన మనిషి పేరు చెబితే చాలు. గుంటూరు జీజీహెచ్‌లో ఇలాగే ఒకావిడ భర్త వివరాలు దొరికాయి.

సమాచార హక్కు దరఖాస్తు జిల్లా స్థాయి కార్యాలయానికి పది రూపాయలతో, మండల స్థాయికి అయిదు రూపాయలతో పెట్టవచ్చు. తెల్ల రేషను కార్డు నకలు జతచేస్తే రుసుము అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. "కేసు వివరాలు కావాలి" అని రాయకండి. "క్రైం నంబరు ఇంత, సంవత్సరం ఇంత, ఈ కేసులో తుది నివేదిక ఏ తేదీన ఏ కోర్టుకు పంపారు, దాని నకలు ఇవ్వండి" అని రాయండి. ప్రశ్న ఎంత చిన్నగా, సూటిగా ఉంటే తప్పించుకోవడం అంత కష్టం.

కోర్టు కాగితాలకు నకలు దరఖాస్తు వేయాలి. సెషన్స్ కేసు నంబరు కావాలి, గుమాస్తాలు దానిని ఎస్‌సీ నంబరు అంటారు, కులం గురించి అడుగుతున్నారని కంగారుపడకండి. ఈమధ్య కేసులకైతే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. దానితో ఈ-కోర్ట్స్ యాప్‌లో తరువాతి వాయిదా ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. మా అమ్మాయి వచ్చినవాళ్లందరి ఫోన్లలో అది ఎక్కించి ఇస్తుంది. మీ కేసు పాతదైతే ఆలస్యం చేయవద్దు. కాలం తీరిన రికార్డులను కోర్టులు నాశనం చేస్తాయి.

నేను మా కేసు కట్టను చూసింది తీర్పు వచ్చిన మూడేళ్లకు. రికార్డు గది నుంచి ఒకాయన రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. నాడా తాడుతో కట్టిన కట్ట. తాడు ముడి విప్పితే దుమ్ము, చెదలు మందు వాసన. శవ పంచనామాలో రెండో పేజీలో "నీలం గళ్ల చొక్కా, పైనుంచి మూడో గుండీ లేదు" అని రాసి ఉంది. ఆ గుండీ ఊడిందని ఆయన ఆ రోజు పొద్దున్నే చెప్పారు. సాయంత్రం కుడతానన్నాను. అంత పెద్ద కట్టలో ఆయన గురించి నాకు తెలిసిన నిజమైన మాట అదొక్కటే కనిపించింది. ఆ పేజీ నకలు మాత్రం ఇంట్లో విడిగా పెట్టుకున్నాను.

కేసు ఆగిపోయిన చోట మొదలుపెట్టడం

హత్యకు కాలదోషం లేదు. ఇరవై ఏళ్లయిందని ఎవరైనా తిప్పి పంపితే నమ్మకండి. మూడేళ్లకు మించి శిక్ష పడే ఏ నేరానికీ కేసు చేపట్టడానికి చట్టం గడువు పెట్టలేదు. 2024 జూలైకి ముందు జరిగిన హత్యకు పాత ఐపీసీ 302 సెక్షనే వర్తిస్తుంది, అప్పటికే నడుస్తున్న విచారణ పాత సీఆర్పీసీ ప్రకారమే సాగుతుంది. సెక్షన్ల నంబర్లు మారాయని భయపడవద్దు.

ముందు మీ కేసు ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. చాలా ఇళ్లలో ఇదే తెలియదు. బెజవాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగాను నిరాహార దీక్షలో ఉండగా చంపిన తరువాత జరిగిన అల్లర్లలో తమ్ముణ్ణి పోగొట్టుకుంది. ముప్పై ఏళ్లుగా కేసు నడుస్తోందనే అనుకుంటోంది. తీరా చూస్తే దానిని ఎప్పుడో మూసేశారు.

పోలీసులు నేరస్తులు దొరకలేదనో, ఫిర్యాదు తప్పనో కేసు మూసేస్తే దానిని ఇక్కడ "రిఫర్ చేశారు" అంటారు. అలా మూసేటప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు నోటీసు ఇచ్చి, వాళ్ల మాట విన్నాకే మేజిస్ట్రేటు ఒప్పుకోవాలని 1985లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. నోటీసు మీకు చేరిందా, ఎవరు సంతకం పెట్టారు అన్నది కట్టలో చూడండి. చేరకపోతే అది మీకు గట్టి పట్టు. అభ్యంతర పిటిషను వేయవచ్చు, అందరూ ప్రొటెస్ట్ పిటిషను అంటారు. కొత్త సాక్షి, కొత్త ఆధారం దొరికితే మరింత దర్యాప్తు చేయమని అడగవచ్చు. పాత సీఆర్పీసీలో అది 173(8), కొత్తదానిలో 193(9). ఉత్త కోపంతో వేస్తే నిలవదు. అప్పుడు లేనిది ఇప్పుడు ఏమి దొరికిందో చెప్పగలగాలి.

విచారణ నడుస్తున్న కేసైతే పబ్లిక్ ప్రాసిక్యూటరుకు తోడుగా మీ వకీలును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగండి. ఆయన సాక్ష్యాలయ్యాక రాతపూర్వకంగా వాదన కూడా ఇవ్వవచ్చు. బెయిలు దగ్గర కూడా మీ మాట వినాలి. లఖింపూర్ ఖేరీలో రైతుల మీదికి వాహనం నడిపిన కేసులో 2022 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిందితుడి బెయిలును రద్దుచేస్తూ, బాధితులకు ప్రతి దశలోనూ వినిపించుకునే హక్కు ఉందని చెప్పింది. ఆ తీర్పును మీ వకీలుకు గుర్తుచేయండి.

కోర్టు నిర్దోషులని వదిలేస్తే? ఇక్కడే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. 2009 డిసెంబరు 31 నుంచి బాధిత కుటుంబానికి సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. సీఆర్పీసీ 372 సెక్షన్, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 413. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లకపోయినా మీరు వెళ్లవచ్చు. ముందుగా హైకోర్టు అనుమతి తీసుకోవలసిన పని కూడా లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మా తీర్పు 2008లో వచ్చింది. ఆ హక్కు అంతకు ముందు తీర్పులకు వర్తించదు. అప్పుడు రివిజన్ పిటిషను అనే దారి ఒకటి ఉండేది, తొంభై రోజుల్లో వేయాలి. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. "ప్రభుత్వం చూసుకుంటుంది, మీరు వెళ్లండి" అన్నారు. వెళ్లాను. బస్సులో సత్తెనపల్లి దాటే దాకా ఏడ్చాను. ప్రభుత్వం అప్పీలు వేయలేదని నాకు తెలిసేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. ఒకసారి నిర్దోషులని తేలినవాళ్లను అదే నేరానికి మళ్లీ విచారించడం కుదరదు. మా తలుపు మూసుకుపోయింది.

మీ తలుపు మూసుకోనివ్వకండి. తీర్పు రోజున కోర్టులో ఉండండి. అదే రోజు నకలు దరఖాస్తు వేయండి. నెల తిరగక ముందే అప్పీలు వేయించండి. సెషన్స్ కోర్టు తీర్పు మీద అప్పీలు హైకోర్టుకు, అంటే ఇప్పుడు అమరావతిలో నేలపాడుకు వెళ్తుంది. 2019 జనవరికి ముందు హైదరాబాదులో వేసిన పాత అప్పీలు ఉంటే దాని నంబరు పట్టుకుని ఇక్కడ వాకబు చేయించండి.

ఫీజుకు డబ్బు లేదని ఆగవద్దు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోను చేసినా చెబుతారు. ఇచ్చిన వకీలు పట్టించుకోకపోతే మార్చమని రాసి ఇవ్వవచ్చు, మొహమాటపడవద్దు.

సాక్షులు

మా పొరుగింటాయన కూడా చూశారు. పోలీసులకు చెప్పారు. బోనెక్కి "నేను నిద్రపోయాను, నాకేమీ తెలియదు" అన్నారు. ఆయన కౌలు చేసే రెండెకరాలు నిందితుల మేనమామవి. చాలా ఏళ్లు ఆయన ముఖం చూడలేదు. ఇప్పుడు కోపం లేదు. ఆ రెండెకరాలు పోతే ఆ ఇంట్లో అయిదుగురికి అన్నం లేదు. మేమూ ఆయనను కాపాడడానికి ఏమీ చేయలేదు.

చేయడానికి ఇప్పుడు మార్గాలున్నాయి. సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు ముందు రికార్డు చేయించమని దర్యాప్తు అధికారిని మొదట్లోనే అడగండి. పాత సీఆర్పీసీలో 164వ సెక్షన్, కొత్తదానిలో 183. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసుల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి మాటను మేజిస్ట్రేటు తప్పక రికార్డు చేయాలని కొత్త చట్టం అంటోంది. బెదిరింపు ఉంటే 2018 నాటి సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు ఇవ్వవచ్చు. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ దానిని చూస్తుంది. ప్రమాదం ఎంతో పోలీసుల నుంచి అయిదు పనిదినాల్లో నివేదిక తెప్పించుకుంటుంది. ఇంటి దగ్గర గస్తీ, కోర్టుకు వెళ్లి వచ్చేటప్పుడు తోడు, అవసరమైతే కొన్నాళ్లు వేరే చోట నివాసం అడగవచ్చు. బెదిరించిన ఫోను నంబరు, తేదీ, అన్న మాట మీ నోటుబుక్కులో రాయండి. సాక్షి ఇంటికి మీరు మాటిమాటికీ వెళ్లవద్దు, నేర్పించారని అంటారు. వాయిదా రోజున ఆయన కూలి పోతుంది కాబట్టి కోర్టు ఇచ్చే బత్తా అడిగి తీసుకోమని చెప్పండి.

పరిహారం

నేరస్తుడు దొరకకపోయినా, కేసు కొట్టేసినా బాధితుల పరిహారం కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చు. సీఆర్పీసీ 357ఎ, కొత్తది 396. డబ్బు తీసుకుంటే కేసు వదులుకున్నట్టని కొందరు భయపెడతారు, అది నిజం కాదు.

చనిపోయినవారు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయి, చంపినవాళ్లు ఆ కులాలకు బయటివాళ్లయితే, రాజకీయ గొడవ అన్న పేరు కింద అట్రాసిటీ చట్టాన్ని మాయం చేయనివ్వకండి. ఆ చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2016లో సవరించిన నియమాల ప్రకారం హత్యకు 8,25,000 రూపాయల సాయం ఉంది. సగం పోస్టుమార్టం అయ్యాక, సగం అభియోగపత్రం కోర్టుకు వెళ్లాక ఇవ్వాలి. దానికి అదనంగా భార్యకు గానీ ఆధారపడినవాళ్లకు గానీ నెలకు 5,000 రూపాయల మూల పింఛను, దాని మీద కరువు భత్యం ఉన్నాయి. 15ఎ సెక్షన్ కింద బెయిలుతో సహా ప్రతి విచారణ సంగతీ మీకు ముందుగా తెలియజేయాలి. మీరు కోరిన సీనియర్ వకీలును పెట్టమని కలెక్టరును అడగవచ్చు.

కాలం పడుతుందని ముందే మనసుకు చెప్పుకోవాలి. కారంచేడులో 1985 జూలై 17న దళితులను చంపారు. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్లు. అన్నాళ్లు ఒక్క మనిషి మోయలేడు. నోటుబుక్కు, సంచి, వాయిదాలు ఇంట్లో మరొకరికి కూడా నేర్పండి. పిల్లలకు పగ నేర్పకండి, కాగితం చదవడం నేర్పండి. మా అమ్మాయికి నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఇంకొకటి. దీని గురించి ఏ వకీలూ చెప్పడు, మీరే అడగాలి. చనిపోయినప్పుడు మనిషి ఒంటి మీద ఉన్న వస్తువులు నిందితుల దగ్గర పట్టుకున్న వస్తువులతో పాటు కోర్టులో ఉంటాయి. వాటికి ఎంఓ నంబర్లు వేస్తారు, ఎంఓ అంటే మెటీరియల్ ఆబ్జెక్ట్, కేసులో సాక్ష్యంగా పెట్టిన వస్తువు. తీర్పు చివరి పేజీలో, జడ్జి సంతకానికి కాస్త పైన, వాటిని ఏమి చేయాలో ఒక పేరా ఉంటుంది. అందరూ శిక్ష పడిందా లేదా అని చూసి అక్కడే ఆపేస్తారు. మా తీర్పులో ఆ పేరా నేను మూడేళ్ల తరువాత చదివాను. ఎంఓ 7, అద్దం పగిలిన చేతి గడియారం. అది మా నాన్న పెళ్లిలో అల్లుడికి పెట్టిన హెచ్ఎంటీ. విలువ లేని వస్తువుల కింద రాసి, అప్పీలు గడువు తీరాక నాశనం చేయమని ఉత్తర్వు ఇచ్చారు. రికార్డు గదిలో అడిగితే, 2009లోనే చేసేశారని రిజిస్టరులో తేదీ చూపించారు.

తీర్పుకు ముందే మీ వకీలు చేత ఒక పిటిషను వేయించండి. ఉంగరం, గడియారం, జేబులో ఫొటో, ఏది ఉంటే దాని ఎంఓ నంబరు వేసి, కేసు ముగిశాక మాకు ఇప్పించమని రాయించండి. నంబరు తప్పు పడకుండా పంచనామాతో సరిచూసుకోండి.